ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతంలో రోజువారీ కారు: మైలేజీ, ఖర్చు, ఎంపిక

ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఉద్యోగానికో వ్యాపారానికో రోజూ తిరగడానికి కారు కొనేవాళ్లు ముందుగా చూసేవి రెండు: చేతికి అందే ధర, ఇంధనానికి అయ్యే ఖర్చు. చిన్న పెట్రోలు కారు, సీఎన్‌జీ కారు, డీజిలు కారు, హైబ్రిడ్, బ్యాటరీ కారు అనే అయిదు రకాలు ఇప్పుడు వాళ్ల ముందున్నాయి. వీటిలో ఏది చౌక అన్నది రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఏ రోడ్డు మీద, ఏ బంకుకు దగ్గరగా తిరుగుతారన్న దాన్నిబట్టి తేలుతుంది. స్థూలంగా రోజుకు 25 కిలోమీటర్లలోపు తిరిగేవారికి చిన్న పెట్రోలు కారు, 40 దాటి తిరిగేవారికి సీఎన్‌జీ కారు లాభం. హైబ్రిడ్ మంచి యంత్రమే అయినా 2025 నాటి ధరల్లో అది పెద్ద కారు కొనేవారికి పొదుపు, చిన్న కారు కొనేవారికి అదనపు ఖర్చు.

## ప్రయాణాల తీరు

ఈ ప్రాంతపు రాకపోకలను మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటిది విజయవాడ–రాజమహేంద్రవరం జాతీయ రహదారి. విజయవాడ, హనుమాన్ జంక్షన్, ఏలూరు, భీమడోలు, ఉంగుటూరు, తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా రాజమహేంద్రవరం వైపు సాగే ఈ వెడల్పాటి రోడ్డు మీద ఏలూరు నుంచి విజయవాడ సుమారు 60 కిలోమీటర్లు, తాడేపల్లిగూడెం సుమారు 50 కిలోమీటర్లు. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన ఎన్‌ఐటీ, పక్కనే వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, ఏలూరు శివార్లలోని ఆసుపత్రులు, ఇంజనీరింగు కాలేజీల సిబ్బందిలో చాలామంది ఈ రోడ్డు మీదే తిరుగుతారు. ఇక్కడ కారు టాప్ గేరులో నిలకడగా పోతుంది.

రెండవది డెల్టా రోడ్లు. ఏలూరు–కైకలూరు, తాడేపల్లిగూడెం–పిప్పర–భీమవరం దారులు, పామర్రు నుంచి కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా పాలకొల్లు వైపు వెళ్లే 165వ నంబరు జాతీయ రహదారి ఈ కోవలోకి వస్తాయి. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారడంతో ఎంత బాగా వేసిన తారురోడ్డయినా అలలు తేలుతుంది. కోతల రోజుల్లో రోడ్డుకు ఒక పక్క ధాన్యం ఆరబోస్తారు. చేపల లారీలు, మేత బస్తాల ట్రాక్టర్లు ఎదురవుతాయి. రెండో గేరుకు, నాలుగో గేరుకు మధ్య కారు ఊగుతూనే ఉంటుంది.

మూడవది ఊళ్లోని తిరుగుడు, చెరువు గట్ల మీది తిరుగుడు. ఏలూరు పవర్‌పేట, రామచంద్రరావుపేట వీధుల్లో, భీమడోలు రైల్వే గేటు దగ్గర ఇంజను ఆన్‌లో ఉండి కారు కదలకుండా గడిపే నిమిషాలు ఎక్కువ. ఆకివీడు, కైకలూరు, కలిదిండి మండలాల్లో చేపల, రొయ్యల చెరువుల మధ్య తిరిగే సాంకేతిక సిబ్బంది, మేత కంపెనీల ప్రతినిధులు రోజంతా రెండేసి కిలోమీటర్ల చిన్న ప్రయాణాలు చేస్తారు. ఇంజను సరిగా వేడెక్కకముందే ఆగిపోయే ఇలాంటి ప్రయాణాల్లో ఏ కారయినా ఎక్కువ తాగుతుంది.

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజన ఈ దారులను కొంత మార్చింది. అంతకుముందు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ప్రాంతం ఏలూరు జిల్లాలో కలిసింది. భీమవరం పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటు పని పడితే ఏలూరు వెళ్లే తాడేపల్లిగూడెం వాళ్లు భీమవరం దారి పట్టారు. మచిలీపట్నం వెళ్లే కైకలూరు వాళ్లు కొల్లేరు దాటి ఏలూరు రావడం మొదలైంది. వెడల్పాటి రహదారి బదులు డెల్టా రోడ్ల మీద తిరిగే ఉద్యోగుల సంఖ్య దీనితో పెరిగింది.

## చరిత్ర

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రాజ్యమేలిన రోజుల్లో ఈ వైపు సొంత కారు మిల్లు యజమానులకు, డాక్టర్లకు, పెద్ద రైతులకు పరిమితం. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 రోడ్డెక్కాక మధ్యతరగతికి కారు ఆశ పుట్టింది. 796 సీసీ ఇంజనుతో వచ్చిన ఆ కారు 2014 దాకా తయారయింది. 1998లో వచ్చిన టాటా ఇండికా డీజిలును చిన్న కారులోకి తెచ్చింది.

ప్రభుత్వం 2010 జూన్‌లో పెట్రోలు ధరపై నియంత్రణ ఎత్తివేసి, డీజిలుపై మాత్రం కొనసాగించడంతో రెండింటి మధ్య తేడా బాగా పెరిగింది. స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా వంటి కార్లలో అమర్చిన ఫియట్ వారి 1248 సీసీ డీజిలు ఇంజనుకు అప్పుడే గిరాకీ వచ్చింది. 2014 అక్టోబరులో డీజిలు ధరను కూడా మార్కెట్‌కు వదిలేశారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు అమలులోకి రాగానే మారుతి డీజిలు కార్ల తయారీ మానేసింది. ఖాళీ అయిన ఆ చోటులోకే సీఎన్‌జీ వచ్చింది.

హైబ్రిడ్ కథ వేరు. టయోటా ప్రియస్ 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. భారత్‌లో 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ వచ్చినా ధర కారణంగా నిలదొక్కుకోలేదు. 2022లో హోండా సిటీ హైబ్రిడ్, టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా వచ్చాకే చిన్న పట్టణాల్లో హైబ్రిడ్ గురించి మాట్లాడుకోవడం మొదలైంది.

## ఇంధనాలు, ధరలు

దేశంలో పెట్రోలు ధర బాగా ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పెట్రోలుపై 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, 1 రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. డీజిలుపై వ్యాట్ 22.25 శాతం, అదనపు వసూళ్లు అవే. అందుకే లీటరు పెట్రోలు 110 రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. చింతలపూడి, జంగారెడ్డిగూడెం వైపు వాళ్లు తెలంగాణ సరిహద్దు దాటినప్పుడు ట్యాంకు నింపుకొని రావడం, యానాం వెళ్లినవాళ్లు అక్కడ కొట్టించుకోవడం మామూలే. పనిగట్టుకుని అంత దూరం వెళితే మిగిలేదేమీ ఉండదు.

2025 నాటికి బంకుల్లో దొరికే పెట్రోలు 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో కంటే సుమారు మూడో వంతు తక్కువ. ఈ20కి తగ్గట్టు సర్దిన కార్లలో మైలేజీ 1–2 శాతం, తక్కినవాటిలో 3–6 శాతం తగ్గుతుందని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. 2023 ఏప్రిల్ తరువాత తయారైన కార్లలో పైపులు, సీళ్లు ఈ20ని తట్టుకుంటాయి. అంతకంటే పాత కారు కొనేవారు కంపెనీ పుస్తకంలో ఈ సంగతి చూసుకోవాలి.

సీఎన్‌జీ విషయంలో ఈ ప్రాంతానికి ఒక అనుకూలత ఉంది. ఓఎన్‌జీసీ సహజవాయువు తీసే కృష్ణా–గోదావరి బేసిన్‌లోనే ఈ ఊళ్లున్నాయి. పాత ఉభయ గోదావరి జిల్లాల్లో వాయువు సరఫరాను హెచ్‌పీసీఎల్, రాష్ట్ర గ్యాస్ సంస్థ కలిసి పెట్టిన గోదావరి గ్యాస్ చూస్తోంది. పాత కృష్ణా జిల్లా మేఘా సంస్థ పరిధిలోకి వచ్చింది. రహదారి వెంట సీఎన్‌జీ దొరకడం తేలిక. లంక గ్రామాల వైపు వెళ్లేకొద్దీ బంకులు పలచబడతాయి. సాయంత్రం ఆటోల వరస ఉన్నప్పుడు ప్రెషర్ పడిపోయి సిలిండరు పూర్తిగా నిండదు. తెల్లవారుజామున నింపించుకునేవారికి ఈ ఇబ్బంది తక్కువ.

## కంపెనీ చెప్పే మైలేజీ

కంపెనీలు ప్రకటించే అంకె రోలర్ల మీద కారును నిలబెట్టి, నిర్ణీత క్రమంలో వేగం పెంచుతూ తగ్గిస్తూ చేసే పరీక్షలో వస్తుంది. అందులో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, ఏసీ ఉండదు, ఎదురుగాలి ఉండదు, నలుగురు మనుషులూ బస్తా బియ్యమూ ఉండవు. రోడ్డు మీద ఇందులో 70–80 శాతం వస్తే మంచి మైలేజీ అనుకోవాలి. మోడళ్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి మాత్రం ఈ అంకెలు పనికొస్తాయి.

| కారు | ఇంధనం | ప్రకటిత మైలేజీ |
|---|---|---|
| ఆల్టో కే10 | పెట్రోలు | లీటరుకు 24.39 కి.మీ. |
| వ్యాగన్ ఆర్ 1.0 | పెట్రోలు | లీటరుకు 24.35 కి.మీ. |
| స్విఫ్ట్ (2024) | పెట్రోలు | లీటరుకు 24.80 కి.మీ. |
| సెలేరియో (ఏఎంటీ) | పెట్రోలు | లీటరుకు 26.68 కి.మీ. |
| వ్యాగన్ ఆర్ 1.0 | సీఎన్‌జీ | కిలోకు 34.05 కి.మీ. |
| స్విఫ్ట్ (2024) | సీఎన్‌జీ | కిలోకు 32.85 కి.మీ. |
| డిజైర్ (2024) | సీఎన్‌జీ | కిలోకు 33.73 కి.మీ. |
| హోండా సిటీ (2023) | హైబ్రిడ్ | లీటరుకు 27.13 కి.మీ. |
| హైరైడర్, గ్రాండ్ విటారా | హైబ్రిడ్ | లీటరుకు 27.97 కి.మీ. |
| విక్టోరిస్ (2025) | హైబ్రిడ్ | లీటరుకు 28.65 కి.మీ. |

ఈ పట్టికలో రెండు సంగతులు గమనించాలి. సీఎన్‌జీని కిలోల్లో అమ్ముతారు. కిలో వాయువులో ఉండే శక్తి దాదాపు లీటరున్నర పెట్రోలుకు సమానం. కాబట్టి 34ను, 24ను పక్కపక్కన పెట్టి చూడటం సరికాదు, రూపాయికి ఎన్ని కిలోమీటర్లన్నది చూడాలి. ఇక హైబ్రిడ్ ఎస్‌యూవీలకు, సెలేరియోకు మధ్య తేడా రెండు కిలోమీటర్లలోపే. హైబ్రిడ్ పరిజ్ఞానం బరువైన కారును చిన్న కారు మైలేజీ దాకా తీసుకొస్తుంది, అంతకు మించి పెద్దగా దాటించదు.

## కారు రకాలు

చిన్న పెట్రోలు కారు. ఆల్టో కే10, సెలేరియో, వ్యాగన్ ఆర్, టియాగో, క్విడ్ వంటివి ఈ తరగతివి. ఇంజను వెయ్యి నుంచి 1200 సీసీ, బరువు తక్కువ, మెకానిక్కు ఊరూరా దొరుకుతాడు, అమ్మబోతే గిరాకీ ఉంటుంది. తక్కువ తిరిగేవారికి దీన్ని మించిన చౌక కారు లేదు. ఏఎంటీ (క్లచ్ పెడల్ లేని) గేర్లున్న రకం ఊళ్లో కాలికి విశ్రాంతినిస్తుంది. మైలేజీలో మాన్యువల్‌కు ఏమీ తీసిపోదు.

సీఎన్‌జీ కారు. పెట్రోలు ఇంజనే వాయువుతోనూ నడుస్తుంది. సిలిండరులో వాయువు సుమారు 200 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. 60 లీటర్ల సిలిండరులో ఎనిమిది, తొమ్మిది కిలోలు పడుతుంది. ఇంజను బలం పదో వంతుకు పైగా తగ్గుతుంది, ఓవర్‌టేక్ చేసేటప్పుడు అది తెలుస్తుంది. డిక్కీ దాదాపు పోతుంది. ఈ లోటు తీర్చడానికి టాటా ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్న సిలిండర్లను డిక్కీ అడుగున అమర్చి 2023లో ఆల్ట్రోజ్, టియాగోల్లో తెచ్చింది. 2024లో టియాగో, టిగోర్ సీఎన్‌జీ కార్లకు ఏఎంటీ కూడా ఇచ్చింది. సిలిండరుకు మూడేళ్లకొకసారి హైడ్రో టెస్టు చేయించాలి. బయట కిట్టు పెట్టించుకునేవారు దాన్ని ఆర్‌సీలో, బీమా పాలసీలో ఎక్కించాలి. ఎక్కించకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

డీజిలు కారు. కొత్త చిన్న కార్లలో ఇది దాదాపు కనుమరుగైంది. బీఎస్-6 డీజిలు కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. కారు కొంతసేపు వేగంగా పోతేనే ఆ మసి కాలిపోతుంది. చెరువు గట్ల మీద రెండేసి కిలోమీటర్లు తిరిగే కారులో ఫిల్టరు పూడుకుపోయి హెచ్చరిక లైటు వెలుగుతుంది. విజయవాడ, విశాఖపట్నం తరచుగా తిరిగేవారికి తప్ప ఇది తగదు.

హైబ్రిడ్. షోరూముల్లో ఈ పేరు రెండు వేర్వేరు వస్తువులకు వాడుతున్నారు. మైల్డ్ హైబ్రిడ్‌లో చిన్న మోటారు ఇంజనుకు చేయూత ఇస్తుందే గాని ఒంటరిగా కారును నడపలేదు, పొదుపు స్వల్పం. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో మోటారు ఒక్కటే కొంతదూరం కారును లాగుతుంది. హైరైడర్‌లో 1490 సీసీ ఇంజను, 80 హార్స్‌పవర్ల మోటారు, 0.76 యూనిట్ల చిన్న బ్యాటరీ ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తితో, ఇంజనుతో ఆ బ్యాటరీ తనంతట తానే చార్జవుతుంది. ప్లగ్గు అవసరం లేదు. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు. ఆగి ఆగి కదిలే ట్రాఫిక్కులో దీని పొదుపు ఎక్కువ. విజయవాడ రహదారిపై 90, 100 వేగంతో నిలకడగా పోయేటప్పుడు ఇంజనే పని చేస్తుంది కాబట్టి లాభం తగ్గుతుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో రోజూ గంటన్నర ట్రాఫిక్కులో ఉండే బంధువు చెప్పిన మైలేజీని ఏలూరు–విజయవాడ ప్రయాణానికి అన్వయించుకోకూడదు.

బ్యాటరీ కారు. టియాగో ఈవీ 2022లో వచ్చింది. ఇందులో 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న రకానికి కంపెనీ చెప్పిన రేంజి 315 కిలోమీటర్లు. రోడ్డు మీద 200 అనుకుని లెక్క వేసుకోవాలి. ఇంట్లోని 15 ఆంపియర్ల ప్లగ్గుతో నిండటానికి ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది. సొంత పార్కింగు, సరైన ఎర్తింగు, రాత్రిపూట నిలకడైన కరెంటు ఉన్న ఇంటికి ఇది సరిపోతుంది. తుపాను వచ్చి రెండు రోజులు కరెంటు పోయే ఊళ్లలో ఒకే కారుగా దీన్ని కొనేముందు ఆలోచించాలి.

## ఖర్చు లెక్క

లెక్క కోసం లీటరు పెట్రోలు 110 రూపాయలు, కిలో సీఎన్‌జీ 90 రూపాయలు అనుకుందాం. చిన్న పెట్రోలు కారు రోడ్డు మీద లీటరుకు 18, సీఎన్‌జీ కారు కిలోకు 26, మామూలు పెట్రోలు ఎస్‌యూవీ లీటరుకు 15, హైబ్రిడ్ ఎస్‌యూవీ 22 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. అప్పుడు కిలోమీటరుకు ఇంధన ఖర్చు చిన్న పెట్రోలు కారుకు 6.11, సీఎన్‌జీకి 3.46, మామూలు ఎస్‌యూవీకి 7.33, హైబ్రిడ్‌కు 5 రూపాయలు.

సీఎన్‌జీ రకానికి షోరూములో సుమారు 90 వేలు ఎక్కువ పెట్టారనుకుంటే, కిలోమీటరుకు మిగిలే 2.65 రూపాయలతో ఆ సొమ్ము తిరిగి రావడానికి దాదాపు 34 వేల కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 300 పనిదినాలు, రోజుకు 50 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి ఇది రెండేళ్ల మూడు నెలల పని. రోజుకు 15 కిలోమీటర్లు తిరిగే వ్యక్తికి ఏడున్నరేళ్లు.

హైబ్రిడ్‌ను అదే కారు మామూలు రకంతో పోల్చి, తేడా 3 లక్షలనుకుంటే, కిలోమీటరుకు 2.33 రూపాయల పొదుపుతో అది తీరడానికి సుమారు 1,29,000 కిలోమీటర్లు పడుతుంది. రోజుకు 50 కిలోమీటర్లు తిరిగినా ఎనిమిదిన్నరేళ్లు దాటుతుంది. ఇక హైబ్రిడ్‌ను చిన్న పెట్రోలు కారుతో పోలిస్తే ఆన్‌రోడ్ ధరలో తేడా 10 లక్షలకు తగ్గదు, పొదుపు కిలోమీటరుకు 1.11 రూపాయలే. ఆ 10 లక్షలు రాబట్టడానికి 9 లక్షల కిలోమీటర్లు, అదే ఉద్యోగికి అరవై ఏళ్లు కావాలి. హైబ్రిడ్ కొనడానికి సౌకర్యం, నిశ్శబ్దం, ఆటోమేటిక్ గేర్లు, తక్కువ పొగ వంటి కారణాలు ఉండొచ్చు. చిన్న కారు బదులు దాన్ని కొనడానికి పెట్రోలు డబ్బు ఆదా అన్నది మాత్రం కారణం కాలేదు.

బ్యాటరీ కారుకు యూనిట్ 9 రూపాయలు, యూనిట్‌కు 7 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు సుమారు 1.30 రూపాయలవుతుంది. చిన్న పెట్రోలు కారు కంటే రెండున్నర లక్షలు ఎక్కువ పెట్టినా రోజుకు 50 కిలోమీటర్లు తిరిగేవారికి మూడున్నరేళ్లలో వస్తుంది. ఇంట్లో చార్జింగు కుదిరి, దారి ముందే తెలిసిన ఉద్యోగికి ఇది సీఎన్‌జీకి పోటీనిస్తుంది.

తక్కువ తిరిగేవారికి ఇంధనం పెద్ద ఖర్చే కాదు. రోజుకు 15 కిలోమీటర్ల చొప్పున ఏడాది పెట్రోలు 27,500 రూపాయలు. కారు విలువలో ఏటా తరిగేది, అప్పు మీద వడ్డీ, బీమా కలిస్తే అంతకు ఎన్నో రెట్లు. అలాంటి వారికి మైలేజీ కంటే కొన్న ధరే ముఖ్యం.

## పన్నులు, బీమా, టోలు

2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు పెట్రోలు, సీఎన్‌జీ కార్లపై జీఎస్టీ 18 శాతమైంది. అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. పెద్ద హైబ్రిడ్ కార్లపై 43 శాతం ఉన్న భారం 40కి మాత్రమే తగ్గింది. బ్యాటరీ కార్లపై 5 శాతం కొనసాగుతోంది. ఈ మార్పుతో చిన్న కారుకు, హైబ్రిడ్‌కు మధ్య దూరం మరింత పెరిగింది. ఉత్తరప్రదేశ్ 2024లో స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషన్ పన్ను మినహాయించడంతో అక్కడి కొనుగోలుదారుల లెక్క వేరయింది. ఆంధ్రప్రదేశ్‌లో లైఫ్ ట్యాక్స్ కారు ధరలో శాతంగా వసూలవుతుంది, ధర పెరిగేకొద్దీ శాతమూ పెరుగుతుంది.

కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా 2018 నుంచి తప్పనిసరి. దీని వార్షిక రేటు 1000 సీసీ దాకా 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ దాకా 3,416 రూపాయలుగా 2022లో నిర్ణయించారు. హైబ్రిడ్‌లకు ఇందులో 7.5 శాతం, బ్యాటరీ కార్లకు 15 శాతం తగ్గింపు ఉంది.

ఏలూరు–విజయవాడ మధ్య కలపర్రు, పొట్టిపాడు టోల్ ప్లాజాలు, ఏలూరు–తాడేపల్లిగూడెం మధ్య ఉంగుటూరు ప్లాజా ఉన్నాయి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు 200 దాట్ల ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది. ఆ ధరకు ఒక్కో దాటుకు 15 రూపాయలు పడుతుంది. విజయవాడ వెళ్లివచ్చేవారికి రోజుకు నాలుగు దాట్లు కాబట్టి పాసు 50 రోజులకు, తాడేపల్లిగూడెం వెళ్లివచ్చేవారికి 100 రోజులకు సరిపోతుంది. రోజువారీ ఖర్చులో దీన్నీ కలుపుకోవాలి.

## కొల్లేరు నీళ్లు, డెల్టా తేమ

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి కలుస్తాయి. నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతాయి. +5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఈ సరస్సు రామ్సార్ జాబితాలో చేరింది. ఉప్పుటేరు నీటిని నెమ్మదిగా లాగుతుంది కాబట్టి ఎగువన వాన ఆగిన తరువాత కూడా ఇక్కడ వరద రోజుల తరబడి నిలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరులోకి చేరినప్పుడు ఏలూరు–కైకలూరు దారిపై చినఎడ్లగాడి దగ్గర నీళ్లు పారి రాకపోకలు నిలిచాయి.

ఇలాంటి దారిలో తిరిగే కారుకు నేల నుంచి ఎత్తు ముఖ్యం. క్విడ్‌కు 184, టియాగోకు 170, వ్యాగన్ ఆర్‌కు 165, స్విఫ్ట్‌కు 163 మిల్లీమీటర్ల ఎత్తు ఉంది. నీళ్లు చక్రం సగానికి మించితే ఏ చిన్న కారూ దిగకూడదు. గాలి పీల్చే గొట్టంలోంచి నీరు ఇంజనులోకి చేరితే పిస్టను దాన్ని అదమలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్టు చేయడమే అసలు నష్టం తెస్తుంది. తోయించి బయటికి తెచ్చి, మెకానిక్కు చూశాకే తాళం తిప్పాలి. ఈ నష్టాన్ని మామూలు సమగ్ర బీమా చాలాసార్లు భరించదు. ఇంజను ప్రొటెక్షన్ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి.

ఉప్పు గాలి, రొయ్యల చెరువుల నీటి తుంపర్ల వల్ల కారు అడుగుభాగం తుప్పు పడుతుంది. వానాకాలం ముందు అండర్‌బాడీ కోటింగు, తరువాత అడుగున నీళ్లతో కడిగించడం పనికొస్తాయి. వరి పొలాలు, రైసు మిల్లుల పక్కన నిలిపిన కార్లలో ఎలుకలు చేరి వైర్లు కొరకడం ఇక్కడ తరచుగా వినే ఫిర్యాదు. వైర్లు ఎక్కువగా ఉండే హైబ్రిడ్, బ్యాటరీ కార్లలో ఈ మరమ్మతు ఖరీదు కూడా ఎక్కువే.

## భద్రత

కాలువ గట్ల మీద ఇరుకు మలుపులు, రాత్రిపూట లారీల హెడ్‌లైట్లు ఉన్న ప్రాంతంలో భద్రతను మైలేజీకి తాకట్టు పెట్టకూడదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో టియాగో 2020లో 4 నక్షత్రాలు, 2023లో ఆల్టో కే10 రెండు, వ్యాగన్ ఆర్ ఒకటి తెచ్చుకున్నాయి. 2024 నవంబరులో డిజైర్ 5 నక్షత్రాలు సాధించింది, మారుతి కార్లలో ఇదే మొదటిది. మన దేశపు సొంత పరీక్షా విధానం భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1న మొదలైంది. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, ఈఎస్‌సీ ఉన్న రకాన్నే ఎంచుకోవాలి. వెనక కూర్చున్నవారు బెల్టు పెట్టుకోకపోతే వీటి ఫలితం సగమే.

## పాత కారు

తక్కువ డబ్బుతో మొదటి కారు కొనేవారికి పాత కారు మంచి దారే. 2024 వరదల్లో విజయవాడలో వేల వాహనాలు మునిగాయి కనుక ఈ చుట్టుపక్కల పాత కారు కొనేటప్పుడు మునక జాడలు చూడాలి. సీటుబెల్టును చివరిదాకా లాగితే అడుగున బురద గీత కనిపిస్తుంది. సీటు కింది పట్టాల మీద తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, కార్పెట్టు కింద ముక్కవాసన కూడా ఆనవాళ్లే. బీమా క్లెయిముల చరిత్ర, సర్వీసు రికార్డు, ఆర్‌సీలో హైపోథికేషన్ తొలగింపు చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.

## మైలేజీ నిలుపుకోవడం

టైర్లలో గాలి నెలకు రెండుసార్లు చూపించుకోవడం, రహదారిపై 80–90 దాటకపోవడం, గేటు పడితే ఇంజను ఆపడం ఖర్చు లేని పొదుపులు. గాలి అడ్డు వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళితే ఆ అడ్డు ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. పూర్తి ట్యాంకు కొట్టించి, తిరిగిన కిలోమీటర్లను మళ్లీ పట్టిన లీటర్లతో భాగిస్తేనే అసలు మైలేజీ తెలుస్తుంది. మీటరు బోర్డు చూపే అంకె కొంచెం ఎక్కువ చూపడం మామూలే.

## ఎవరికి ఏది

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఊరు దాటకుండా తిరిగేవారికి, వారానికోసారి సొంతూరు వెళ్లేవారికి చిన్న పెట్రోలు కారు చాలు. విజయవాడకో భీమవరానికో రోజూ వెళ్లివచ్చేవారికి, దారిలో బంకు ఉంటే, కంపెనీ అమర్చిన సీఎన్‌జీ కారు తగినది. 25, 40 కిలోమీటర్ల మధ్య తిరిగేవారు బంకు ఎంత దూరమో చూసుకుని నిర్ణయించుకోవాలి. చెరువు గట్ల మీద తిరిగేవారికి ఎత్తు, డిక్కీ రెండూ కావాలి కాబట్టి పెట్రోలు కారు గాని, జంట సిలిండర్ల సీఎన్‌జీ గాని మేలు. ఇంట్లో చార్జింగు ఉండి, రెండో వాహనం అందుబాటులో ఉన్న కుటుంబానికి బ్యాటరీ కారు నడిచే ఖర్చులో అన్నిటికంటే చౌక. ఎలాగూ 15 లక్షలకు పైబడి పెద్ద కారు కొనాలనుకుని, పదేళ్లు ఉంచుకోదలచినవారే హైబ్రిడ్ వైపు చూడాలి.

ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం హౌరా–చెన్నై రైలు మార్గం మీద ఉన్నాయి. కైకలూరు, ఆకివీడు, భీమవరం గుడివాడ మార్గం మీద ఉన్నాయి. ఆఫీసు స్టేషనుకు దగ్గరైతే నెలవారీ సీజను టికెట్టు ఖర్చు ముందు ఏ కారు మైలేజీ నిలవదు. కారు కొనదలచినవారు షోరూముకు వెళ్లేముందు ఒక నెలపాటు తమ రోజువారీ కిలోమీటర్లు రాసుకుని, పై లెక్కలో ఆనాటి ధరలు వేసి చూసుకోవడం మంచిది.